ఏడో బోరులో మంచి సగం

మేనకోడలు వచ్చిన రోజున పెట్టెలమామ షెడ్డు తాళంచెవిని చొక్కా జేబులోనే ఉంచుకుని, ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదన్నాడు. అరగంటసేపు ఆ పిల్లని ఎండలో నిలబెట్టాడు. ఆమె నీడ వెతుక్కోలేదు, మంచినీళ్ళు అడగలేదు, వీపు మీది సంచీ దించలేదు. నిలబడి అతని జేబుకేసి చూస్తూ ఉంది. పల్చటి గుడ్డలోంచి తాళంచెవి ఆకారం స్పష్టంగా కనబడుతోందని అతనికి ఆలస్యంగా తెలిసింది.

"దొరికిందా?" అంది.

"దొరికింది," అన్నాడు, ఎవరో గిట్టనివాళ్ళు తెచ్చి తన జేబులో పడేసినట్టు మొహం పెట్టి.

పెట్టెలమామ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. కొండ కింద ఉన్న ఆ రేకుల షెడ్డులో రెండువేల చెక్కపెట్టెలున్నాయి. కొండలోకి డ్రిల్లు దింపితే గొట్టంలోంచి చేతికర్ర లావు రాతి కడ్డీలు బయటికొస్తాయి. వాటిని విరిగిన ముక్క విరిగినట్టే వరసగా పేర్చి, ఏ బోరు, ఎంత లోతు అన్నది పెట్టె మీద రాసి దాస్తారు. ఆ పెట్టెలకి కాపు కాస్తున్నవాడు గనక చిన్నా పెద్దా అందరికీ పెట్టెలమామే. నిజంగా మామయ్యా అని పిలవాల్సిన మనిషి ఊళ్ళోకి వచ్చింది గానీ, ఆమె నోట 'మీరు' తప్ప మరో వరస రాలేదు. ఆమె మెడలో కొత్త కంపెనీ కార్డు వేలాడుతోంది, జియాలజిస్టు అని.

ఆ కొండ ఎంతమందికి ఆశపెట్టి, ఎంతమందిని ఉత్త చేతులతో పంపిందో పెట్టెలమామని అడగాలి. ఎప్పుడో మిషన్లు లేని కాలంలో ఎవరో జానెడు వెడల్పు పలుగురాతి చారని పట్టుకుని సొరంగం తవ్వుకుంటూ పోయారు. నీళ్ళూరేసరికి పారిపోయారు. తర్వాత సర్వేవాళ్ళు పళ్ళేలు పట్టుకొచ్చి, కొండ వాగుల్లో ఇసక కడిగి, నలకంత బంగారం, దానికింద నల్లగా బరువుగా సీసం పొడి ఉన్నాయని రాసుకుపోయారు. ఆ కాగితాలు చూసి మొదటి కంపెనీ వచ్చింది. వాళ్ళ జియాలజిస్టు పెట్టెలమామకి సొంత బావ, అంటే అక్క మొగుడు. పదకొండు బోర్లు వేయించాడు. ఏడో బోరులో తొంభై మీటర్ల లోతున టన్ను రాతికి తొమ్మిది గ్రాముల బంగారం, దాంతోపాటు దండిగా సీసం, జింకు ఉన్నట్టు ల్యాబు నుంచి కాగితం వచ్చింది. ఊరంతా గాల్లో తేలింది.

రెండో కంపెనీ కొండని కొనుక్కుని, ఏడో బోరు పక్కనే చుట్టూ నాలుగు బోర్లు వేసి చూసుకుంది. సగటున అయిదున్నర గ్రాములు వచ్చింది. మరి మిగతాది ఏమైంది? విచారణ కమిటీ కూర్చుంది. ల్యాబుకి వెళ్ళే సంచుల్లో బావే బంగారప్పొడి కలిపాడన్నారు. కలపలేదని బావ మొత్తుకున్నాడు. అప్పుడు తాడో పేడో తేల్చిన సాక్షి మరెవరో కాదు, ఆ రోజుల్లో రాతి కడ్డీలు కోసే పనిలో ఉన్న బావమరిది. 'సంచీలో మా బావ ఏదో పొడి కలుపుతుండగా కళ్ళారా చూశాను' అని కాగితం మీద సంతకం పెట్టాడు. దాంతో ఆ మనిషిని మళ్ళీ ఏ కొండా ఎక్కనివ్వలేదు. అంత చదువు చదివిన బావ ఇప్పుడెక్కడో కంకర క్వారీలో లారీలకి రాయి ఎత్తిస్తున్నాడట. అక్క తమ్ముడి గడప తొక్కి పందొమ్మిదేళ్ళయింది.

కానీ ఊళ్ళో పెట్టెలమామ పరపతి ఆ సంతకంతోనే మొదలైంది. సొంత బావనయినా వదిలిపెట్టని నిఖార్సయిన మనిషి అన్నారు. షెడ్డు తాళాలు అతని చేతికిచ్చారు. ఇద్దరు కొట్టుకుంటే, పద పెట్టెలమామ దగ్గర తేల్చుకుందాం అని వచ్చేవారు. అతనేం చెబితే అది. ఆ మాటకున్న బరువే అతని ఆస్తి. ఇప్పుడు మూడో కంపెనీ, పాత అంకెలు నమ్మవచ్చో లేదో తేల్చమని పంపితే, ఎవరిని పంపింది? ఆ దొంగ కూతుర్ని!

"ఏం తేలుస్తావు?" అన్నాడు మొదటిరోజే. "మీ నాన్న నిప్పని తేలుస్తావు. అందుకేగా అడిగి మరీ ఇక్కడికి వేయించుకున్నావు?"

"అవును, అడిగే వేయించుకున్నాను," అంది, కళ్ళలోకి చూస్తూ. "ఏడో బోరు పెట్టెలు దించండి."

దబాయించబోయినవాడికి గాలి తీసేసినట్టయింది. ఒప్పేసుకునే మనిషిని దబాయించడం ఎలాగో అతనికి తెలియదు.

ఇక అతను చేయని అల్లరి లేదు. ఏడో బోరు అడిగితే పదకొండో బోరు పెట్టెలు దింపించాడు. నిచ్చెన విరిగిందన్నాడు. పాత రిజిస్టరు చెదలు తిన్నదన్నాడు. ఆమె నిచ్చెన లేకుండానే చట్రం ఎక్కి పెట్టె నంబర్లు చదువుకుంది. రిజిస్టరు అతని బల్ల సొరుగులోంచి తనే తీసుకుంది. చెదలు తినలేదు సరికదా, దాని అట్ట మీద అతను రోజూ టీ గ్లాసు పెట్టుకుంటున్న గుర్తు కూడా ఉంది.

"ఒళ్ళంతా పొగరు. అచ్చు తండ్రే," అన్నాడు తూకంవాడితో, ఆమెకి వినబడేలా. తూకంవాడంటే శాంపిలు సంచులు తూచేవాడు, మామ ఏది చెబితే దానికి తలూపడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.

ఇన్ని చిందులు తొక్కుతున్నా లోపల మాత్రం పెట్టెలమామ నిబ్బరంగానే ఉన్నాడు. అతని లెక్క అతనికుంది. రాతి కడ్డీని నిలువునా రెండుగా కోసి, సగం ల్యాబుకి పంపుతారు, సగం పెట్టెలో ఉంచుతారు. బావ కలిపిందంతా ల్యాబుకి పోయిన సంచుల్లోనే. పెట్టెలో మిగిలిన సగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈ పిల్ల ఇప్పుడు ఆ సగాల్ని ల్యాబుకి పంపుతోంది. పంపనీ! తక్కువ వస్తుంది. తండ్రి మెడకి కూతురే ఉరి బిగిస్తుంది, తను చేతులు కట్టుకుని చూడొచ్చు.

మూడువారాలకి ల్యాబు కాగితం వచ్చింది. తొమ్మిది గ్రాములు పలికిన చోట రెండు!

పెట్టెలమామ ఆ రోజు ఒక్కచోట నిలవలేదు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, గేటు దగ్గర చెప్పాడు, డ్రిల్లు మనుషుల్ని ఆపి చెప్పాడు. "తొమ్మిదన్నచోట రెండొచ్చిందిరా! మా బావ ఎంత కలిపాడో పాపం కూతురే కొలిచి పెట్టింది!" షెడ్డులోకి తిరిగొచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. "ఇప్పుడేమంటావు?"

ఆమె తలెత్తలేదు. "రేపు పొద్దున కొంచెం కోత పని ఉంది. రంపం మీరే పట్టాలి."

"నేనెందుకు? కుర్రాళ్ళున్నారుగా."

"మీ అంత బాగా కోసేవాళ్ళు లేరని అందరూ అంటున్నారు."

పొగడ్త అనుకున్నాడు. పొగడ్తకి పడనివాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు, పెట్టెలమామ సంగతి చెప్పక్కర్లేదు.

పొద్దున్నే రంపం మిషను చుట్టూ తూకంవాడు, ఇద్దరు పనివాళ్ళు, కొత్త కంపెనీ మేనేజరు నిలబడ్డారు. మేనేజరెందుకు వచ్చాడో పెట్టెలమామకి అర్థం కాలేదు గానీ, తన పనితనం చూడటానికే అనుకుని మీసం సర్దుకున్నాడు. ఆమె అయిదు రాతి ముక్కలు బల్ల మీద పెట్టింది. కొత్త బోరులోవి. బూడిదరంగు రాతిలో ఒక పక్కగా వేలెడు తెల్ల పలుగురాతి చార, చార అంచున సీసం తళతళ.

"ల్యాబుకి పంపాలి. కోసి సంచుల్లో వెయ్యండి."

"గీత గియ్యలేదేం? ఇప్పుడు కంపెనీలన్నీ గీత గీస్తున్నాయిగా, గీతకి కుడివైపుదే సంచీలోకి అని పెద్ద చాదస్తం."

"మా నాన్న గీసేవారా?"

"మీ నాన్నా? ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొయ్యాలో సుద్దముక్కతో గుర్తు పెట్టి వెళ్ళిపోయేవాడు. మిగతాదంతా ఈ చేతులే."

"అయితే అలాగే కానివ్వండి."

మిషను మోత మొదలైంది. నీళ్ళు చిమ్ముతున్నాయి. పెట్టెలమామ మొదటి ముక్కని తొట్టిలో పెట్టి, వేళ్ళతో మెల్లగా తిప్పి, చార పూర్తిగా ఒక పక్కకి వచ్చేదాకా చూసుకుని, అప్పుడు రంపం కిందకి తోశాడు. "చార మీదుగా కోస్తే పొడిపొడి అయిపోతుంది," అన్నాడు, మేనేజరు వైపు చూస్తూ. "పక్కకి తిప్పి కొయ్యాలి. ఇదంతా చదివితే వచ్చేది కాదు." ముక్క రెండయింది. చార ఉన్న సగం సంచీలో వేశాడు. ఉత్త బూడిదరాయి సగం పెట్టెలో పెట్టాడు. రెండో ముక్కా అంతే. మూడోదీ అంతే. అయిదూ అయ్యాక మిషను ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"అయిదు సంచుల్లోనూ చార ఉన్న సగమే వేశారు," అంది ఆమె.

"మరి? ల్యాబుకి చెత్త పంపుతామా? ఇంటికొచ్చినవాడికి మంచి ముక్క వేస్తాం గానీ ఎముకలు వేస్తామా?" తూకంవాడు నవ్వాడు. మామ కూడా నవ్వాడు.

"ఎప్పుడూ ఇంతేనా?"

"చేతికి రంపం వచ్చిన రోజునుంచీ ఇంతే."

"ఏడో బోరు కూడా మీరే కోశారు."

"పదకొండు బోర్లూ నేనే కోశాను! ఇంకో చెయ్యి పడలేదు."

మేనేజరు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. పెట్టెలమామ నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

ఆమె అయిదు సంచులూ పక్కకి జరిపి, అందరికీ వినబడేలా, పాఠం చెప్పినట్టు చెప్పింది. గొంతు పెంచలేదు. "బంగారం కలిపి ఉంటే సంచీలో ఉన్నదే అబద్ధం అవుతుంది. పెట్టెలో మిగిలిన సగం నిజం చెప్పాలి. నిజమెంత? రెండో కంపెనీ పక్కనే నాలుగు బోర్లు వేసి చూసుకుంది, అయిదున్నర. కానీ పెట్టెలో రెండే ఉంది. నిజం కంటే తక్కువ. బయటినుంచి కలిపితే పెట్టెలోది ఎందుకు తగ్గుతుంది? ఎందుకంటే ఆ రాతిలో ఉన్న బంగారమే ల్యాబుకి వెళ్ళిపోయింది గనక. తొమ్మిదీ రెండూ కలిపి సగం చెయ్యండి."

తూకంవాడు వేళ్ళు ముడిచి, "అయిదున్నర," అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

"సీసం, జింకు కూడా ఇలాగే ఉన్నాయి. సంచీలో ఎక్కువ, పెట్టెలో తక్కువ. బంగారం కలిపే దొంగ సీసం కూడా కలుపుతాడా?"

పెట్టెలమామకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే దొంగని నేనంటావు! మీ నాన్నని వదిలేసి నన్ను పట్టుకుంటావు! ఇందుకేనా మేనేజరుగారిని తెచ్చి నిలబెట్టావు?"

"మిమ్మల్ని దొంగ అనలేదు. తెలియక చేశారు. గీత గియ్యకపోవడం మా నాన్న తప్పు, అదీ రిపోర్టులో రాశాను. కొండలో అయిదున్నర ఉందని కూడా రాశాను. ఎవరూ దేన్లోనూ ఏమీ కలపలేదు."

అని ఆమె వీపు సంచీలోంచి మడతలు పడ్డ నకలు కాగితం తీసింది. దాన్ని చూడగానే అతనికి తెలిసిపోయింది. కింద ఉన్న సంతకం తన చేతిరాతే.

"అందరూ వెళ్ళండి," అంది. మేనేజరు కూడా వెళ్ళాడు. షెడ్డులో పెట్టెలూ, వాళ్ళిద్దరూ మిగిలారు.

"మంచి సగం వెయ్యడం తెలియక చేశారు," అంది మళ్ళీ. "ఇది ఎలా రాశారు? కలుపుతుండగా కళ్ళారా చూశాను. ఎవరూ కలపలేదని ఇప్పుడు తేలింది. మరి మీ కళ్ళు ఏం చూశాయి?"

"సంచీలో చెయ్యి పెట్టాడు. అది చూశాను. అది నిజం."

"కలపడం?"

"చెయ్యి ఎందుకు పెడతాడు మరి? మూల కూర్చుని, తలుపు దగ్గరికేసుకుని, మోచేతి దాకా పెట్టాడు!"

"అది ఈ కాగితంలో లేదు. ఈ కాగితంలో పొడి అని ఉంది. మీరు ఈ ఒక్క మాట అనకపోయి ఉంటే ఆ కమిటీ పెట్టెలో ఉన్న సగాన్ని ల్యాబుకి పంపేది. ఇవాళ నేను మూడువారాల్లో తేల్చింది వాళ్ళు అప్పుడే తేల్చేవాళ్ళు. చూసిన సాక్షి దొరికాడు గనక పంపలేదు. నాకప్పుడు పదేళ్ళు. బళ్ళో నన్ను ఏమని పిలిచేవారో తెలుసా? పోనీ, చెప్పను. మీకు వినే అర్హత లేదు."

అతను ఎదురు తిరిగి అరవబోయాడు. గుర్తురాకూడదని పందొమ్మిదేళ్ళు అదిమిపెట్టింది ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చుంది. బావ సంచీలో చెయ్యి పెట్టిన రోజు పొద్దున తొమ్మిదో బోరు పెట్టె అతని చేతిలోంచి జారిపడి ముక్కలన్నీ కలిసిపోయాయి. అందరి ముందూ బావ, 'నీకు పెట్టె అప్పజెప్పాను చూడు, నాది బుద్ధితక్కువ' అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట కమిటీ కూర్చునేదాకా అతని ఒంట్లో మండుతూనే ఉంది. కమిటీవాళ్ళు పిలిచి కుర్చీ వేశారు. చూశావా, అన్నారు. పెద్ద పెద్దవాళ్ళంతా పెన్నులు పట్టుకుని అతని నోటికేసి చూస్తూ కూర్చున్నారు. అతని మాటకోసం మనుషులు కాచుకుని ఉండటం జీవితంలో అదే మొదటిసారి. చూశానన్నాడు. ఏం చూశావు అన్నారు. కలుపుతుండగా చూశానన్నాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ఈ పిల్ల దగ్గర అంకెలున్నాయి గానీ, ఆ మూల ఏం జరిగిందో చూసిన మనిషి తనొక్కడే. పొరబడ్డాను, అలా అనిపించింది, వయసు మీదపడింది అంటే ఊరు ఒప్పుకుంటుంది. రేపు టీ కొట్టు దగ్గర మళ్ళీ కుర్చీ ఇస్తారు. పెట్టెలమామ ఆ కుర్చీని తలచుకున్నాడు. అది అతనికి కావాలి. సిగ్గు లేకుండా కావాలి.

"పొరబడ్డానని రాయి," అన్నాడు. "దూరంనుంచి సరిగ్గా కనబడలేదని రాయి. సంతకం పెడతాను."

ఆమె రాసింది. రాసి అతని ముందుకి తోసింది. కోపం కూడా పోయినట్టుంది ఆమె మొహంలో, ఇంతకంటే ఈ మనిషి దగ్గర దొరికేది లేదని ముందే తెలిసి వచ్చినట్టు. ఆ చూపు అతనికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పెన్ను పట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు.

"చీటీ," అన్నాడు.

"ఏమిటి?"

"సంచీలో చీటీ వెతుకుతున్నాడు మీ నాన్న. నంబరు చీటీ. ప్రతి సంచీలోనూ ఒకటి వెయ్యాలి. ఆ సంచీలో నేను వెయ్యడం మర్చిపోయాను. మోచేతి దాకా పెట్టి వెతికాడు, లేదు. ఇందులో చీటీ లేదురా, ఇంకోటి రాసివ్వు అన్నాడు. నేనే రాసిచ్చాను. నా చేత్తో." ఊపిరి తీసుకున్నాడు. "కనబడక కాదు. అంతా కనబడింది. తెలిసే చెప్పాను."

ఆమె ఆ కాగితం చింపి, ఇంకోటి తీసి, అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. ఏడుస్తోందేమోనని చూశాడు. ఏడవడం లేదు. రాయడం అయ్యాక పైకి చదివింది. 'తెలిసే అబద్ధం చెప్పాను' అన్నచోట ఆగి, అతనికేసి చూసి, ఇంకోసారి చదివింది. అతను సంతకం పెట్టాడు. తూకంవాణ్ణి పిలిచి సాక్షి సంతకం పెట్టించింది. తూకంవాడు కాగితం చదివి, మామ మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఈ సంగతి టీ కొట్టు దాకా చేరుతుందని, తను ఇంక అటు వెళ్ళలేనని పెట్టెలమామకి తెలుసు.

ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టి, అవతలి గొంతు బయటికి వినబడేలా నొక్కింది.

"అమ్మా, రాసిచ్చారు. సంతకం అయింది."

"ఏమని?"

పందొమ్మిదేళ్ళ తర్వాత అక్క గొంతు. లావైంది, కాస్త బొంగురుపోయింది. పెట్టెలమామ కుర్చీ అంచు పట్టుకున్నాడు. కూతురు కాగితం మొత్తం చదివింది. వెనకనుంచి ఎక్కడో మగ గొంతు, ఏమిటట, ఏమిటట అంటోంది. అక్క గొంతు తగ్గించి ఏదో చెప్పింది. తర్వాత ఆ మగ గొంతే దగ్గరికొచ్చింది.

"వాడింకా రంపం మీదే ఉన్నాడా? ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడో లేదో అడగవే..."

"మీరు ఊరుకోండి," అంది అక్క. ఫోను ఆగిపోయింది.

తిడతాడనుకున్నాడు. ఆ తిట్లకి పందొమ్మిదేళ్ళుగా జవాబులు తయారుగా పెట్టుకున్నాడు, ఒక్కటీ పనికిరాలేదు. మేనకోడలు కాగితాలు సర్దుకుని తలుపు దాటి వెళ్ళిపోయింది. పెట్టెలమామ బల్ల ముందే నిలబడ్డాడు, ఫోను ఉన్న చోటికేసి చూస్తూ.

"కట్టుకోవడం లేదు బావా," అన్నాడు.